కాళ్ళు కడిగే రోజు

చౌటుప్పల్,
8 నవంబరు 1987

ఆలంపూర్‌లో ఉన్న ఎల్లస్వామి అన్నకు చెల్లెలు సైదమ్మ రాస్తున్నది.

బాగున్నానని రాస్తే అబద్ధం, బాగలేనని రాస్తే నీకు ఫికర్. ఆ మాట పక్కన పెట్టి అసలు సంగతికి వస్తున్నాను.

మొన్న బస్టాండులో మా తాళ్ళకుంట నర్సింగమ్మ కలిసింది. కోడళ్ళ మీద చాడీలన్నీ చెప్పి, బస్సెక్కుతూ చివర్లో ఒక మాట విసిరింది. "నీ కొడుక్కేం పిల్లా, కంట్రాక్టర్ కాడ కుదిరిండు. సైకిల్ మీద సారా పాకిట్లు ఏసుకోని ఊర్లన్నీ తిరుగుతాండు." బస్సు వెళ్ళిపోయింది. ఇంకా అడుగుదామని ఆ బస్సు వెంట ఉరికాను. మందుల ఫ్యాక్టరీలో డ్యూటీకి ఆలస్యమైందని సూపర్వైజర్ తిట్టాడు. తిట్టనీ.

అన్నా, నా మల్సూర్ పోయి పోయి దామోదరం దగ్గర పనికి కుదిరాడు. వాడి నాయినను సారా దుకాణం ముందు గుంజకు కట్టి కొట్టించిన దామోదరం దగ్గర. సారాలో ఏదో కలుపుతున్నారని ఆబ్కారీ వాళ్ళకు చెప్పడమే నా పెనిమిటి పెద్దులు చేసిన నేరం. నెత్తురు కక్కి కక్కి దవాఖానలో చచ్చిపోతే, కల్లు గీస్తూ తాటిచెట్టు మీద నుంచి పడ్డాడని దామోదరం పంచనామా రాయించాడు. నడక రాకముందే చెట్టెక్కిన మనిషి చెట్టు మీద నుంచి పడ్డాడట. ఊరంతా తల ఊపింది.

అప్పుడు మల్సూర్‌కు పదకొండేండ్లు. దామోదరం మా గడపలో నిలబడి, "పిలగాడు బతకాల్నంటే నోరు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. పిల్లవాడికి కూడా చెట్టు మీద నుంచి పడ్డాడనే చెప్పాను. ఆ ఊర్లో ఊపిరాడక ఇక్కడికి వచ్చి పనిలో చేరాను. కొడుకును తెచ్చుకుంటానంటే మా అత్త బిక్షమ్మ ఇయ్యలేదు, కొడుకు పోయిండు మనుమణ్ణన్నా ఉంచమని ఏడ్చింది. ఆరేండ్లయింది. నేను పట్నం సోకులకు పోయానని వాడనుకుంటున్నాడు.

నువ్వు ఊరూరా తిరిగి, చిరుత చెక్కలు వాయిస్తూ దేవుని కథ ఆడే చిరుతల ఆట నేర్పుతావు. తాగుబోతు పిల్లలను, దొంగపిల్లలను దారిలో పెట్టావని మహబూబ్‌నగర్ దాకా చెప్పుకుంటారు. మంది పిల్లలకు చేసిన పుణ్యం చాలు. తాళ్ళకుంటకు పో. వాణ్ణి దామోదరం చేతుల్లోంచి గుంజుకో. నాయిన ఎట్లా చచ్చాడో వాడికి చెప్పు. వాడు పాడాలని నాకు లేదు. దామోదరాన్ని ఏడిపించే కొడుకు కావాలి నాకు.

నీ చెల్లెలు,
సైదమ్మ


తాళ్ళకుంట,
29 నవంబరు 1987

చెల్లె సైదమ్మకు దీవెనలు.

నీ ఉత్తరం చూసి ఆలంపూర్ నుంచి బయలుదేరాను. బస్సులో కండక్టర్ నా హార్మోనియం పెట్టెకు కూడా టికెట్టు కొట్టాడు. "ఇది కూసుంటదా, నిలవడ్తదా పంతులూ?" అని వేళాకోళం ఒకటి. పాడుతుంది అన్నాను. పాడించుకుని టికెట్టు డబ్బులు తిరిగి ఇచ్చాడు. లోకంలో ఇంకా మంచివాళ్ళు ఉన్నారు, నీ ఫ్యాక్టరీలో కూడా వెతుకు.

ఊరి పెద్దలు ఆటకు ఒప్పుకున్నారు. జాగా ఎక్కడా అంటే దామోదరమే తన సారా దుకాణం వెనుక రేకుల షెడ్డు ఇచ్చాడు. వచ్చే ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడుతున్నాడట, మంచి పేరు కావాలి. ఇచ్చింది తీసుకున్నాను.

పిల్లల సంగతి రాస్తాను. ఇరవై మంది దాకా వచ్చారు. సగం మంది సారా వాసన. చోటే మియా అని ఒకడున్నాడు, బావుల కాడ మోటర్ల వైర్లు కోసి అమ్ముకునేవాడు. వాడి వేళ్ళు ఒక్క క్షణం ఊరుకోవు. ఆ వేళ్ళకు డోలక్ ఇచ్చాను. ఇప్పుడు వైర్ల మీద మనసు పోవడం లేదు.

నేను ఎవరినీ తాగవద్దని చెప్పను. నెల దాకా వాళ్ళతో పాట కూడా పాడించను. చేతికి చిరుతలిచ్చి, నేను పాడుతూ వాళ్ళను గుండ్రంగా నడిపిస్తాను. తాగి వచ్చినవాడి అడుగు తప్పుతుంది, వాడి చిరుత పక్కవాడి వేళ్ళ మీద పడుతుంది. పక్కవాడు చెప్పే బుద్ధి ముందర నా నీతులెంత?

మల్సూర్ మొదటి రోజు గడపలోనే నిలబడ్డాడు. "నాకు పాటలొద్దు మామా, పాకిట్లకు పోవాలె" అన్నాడు. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు షెడ్డు వెనుక నుంచి గొంతు వినిపించింది. సైకిల్ మీద సంచులు కట్టుకుంటూ మల్సూర్ నా పాట అందుకున్నాడు. చెల్లె, హార్మోనియం ఆపి విన్నాను. పెద్దులు తాటిచెట్టు కొస మీద పాడితే కింద ఊరు ఆగి వినేది కదా. అదే గొంతు. సంచులు దించుకుని లోపలికి రమ్మన్నాను. వచ్చాడు.

నాయిన సంగతి వాడికి ఇంకా చెప్పలేదు. కొంచెం కాలు నిలవనీ. పచ్చి కుండలో నీళ్ళు పోస్తే కుండా ఉండదు, నీళ్ళూ ఉండవు.

నీ అన్న,
ఎల్లస్వామి


చౌటుప్పల్,
10 డిసెంబరు 1987

అన్నకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి ఇంకా మండింది.

దామోదరం షెడ్డులో ఆట నేర్పుతున్నావా? ఆ షెడ్డు ముందరున్న దుకాణం గుంజే అది, నా మనిషిని కట్టిన గుంజ. దాని మీద చేతులానించి చెమట తుడుచుకుంటున్నావేమో చూసుకో. వాడు షెడ్డు ఇచ్చాడని మురిసిపోతున్నావు. చీమలు పెట్టిన పుట్టలో పాము చేరినట్టు నా మొగుడి ఊర్లో వాడు దొరయ్యాడు. వాడి సర్పంచ్ పదవికి నా అన్న హార్మోనియం వాయిస్తున్నాడు. బాగుంది.

పచ్చి కుండ అంటావు. ఆరేండ్లుగా నేను కుమ్మరి ఆవంలో కాలుతున్నాను, నన్ను అడుగు ఎట్లుంటుందో. రోజంతా గాజు సీసాలకు మూతలు బిగిస్తాను. ఒక్కొక్క మూతా దామోదరం గొంతు అనుకుని తిప్పుతాను. నా సీసా ఒక్కటీ కారదని సూపర్వైజర్ మెచ్చుకుంటాడు. ఎందుకు కారదో వాడికేం తెలుసు.

నువ్వు చెప్పకుంటే నేనే చెప్తాను. సంక్రాంతి దాకా చూస్తాను, అంతే.

సైదమ్మ


తాళ్ళకుంట,
12 జనవరి 1988

చెల్లెకు,

కోపం కాగితం మీద కూడా వాసన వస్తుంది. అయినా ఈ ఉత్తరం నిదానంగా చదువు, నీకు నచ్చే ముచ్చట ఉన్నది.

పిల్లలు సారా దుకాణానికి పోవడం తగ్గింది. షెడ్డు నిండుతున్న కొద్దీ ముందర దుకాణం ఖాళీ అవుతున్నది. తన షెడ్డే తన బేరం మీద దెబ్బ కొడుతుంటే దామోదరం మింగలేడు, కక్కలేడు. షెడ్డు తీసుకోవడం నీకు తప్పు లెక్క కనిపించింది కదా, ఇప్పుడు చెప్పు.

వేషాలు పంచాను. మల్సూర్‌కు దేవుని వేషం ఇచ్చాను. నీ కొడుకని ఇవ్వలేదు, వాడంత గొంతున్నవాడు ఇంకొకడు లేడు. దేవుని వేషం కట్టేవాడు ఆట చివర పట్టాభిషేకం అయ్యేదాకా సారా తాగకూడదు, తాకకూడదు. అది మా గురువుల కాలం నుంచి ఉన్న కట్టడి. మల్సూర్ పోయి సైకిల్ దామోదరం ముందర పెట్టి, "పట్టాభిషేకం అయినంక మాట్లాడుదాం సాబ్" అని వచ్చాడు. దామోదరం పళ్ళు కొరికాడు గాని, దేవుని వేషాన్ని పట్టుకుని తిడితే ఓట్లు పోతాయి.

తిట్టలేక ఇంకో ఎత్తు వేశాడు. పట్టాభిషేకం ఖర్చంతా తానే పెట్టుకుంటానని పంచాయతీలో చెప్పాడు. మనకిది రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు. ఎందుకంటావా? ఖర్చు పెట్టుకున్నవాడు భార్యతో వచ్చి ఊరి ముందు దేవుని కాళ్ళు కడగాలి. అది కూడా కట్టడే. పెద్దులు కొడుకు పీట మీద కూర్చుంటే దామోదరం నేల మీద వంగి కాళ్ళు కడుగుతాడు. తాళ్ళకుంట అంతా చూస్తుంది.

చెల్లె, కత్తి కన్నా ఇది మేలు కాదా? పిల్లవాడు జైలుకు పోడు, నీ కడుపు చల్లబడుతుంది. అప్పటిదాకా వాడికి ఏమీ రాయకు. ఏమీ తెలియకుండానే ఆ రోజు గడిచిపోనీ. తర్వాత నేనే కూర్చోబెట్టుకుని చెప్తాను.

ఎల్లస్వామి


చౌటుప్పల్,
21 జనవరి 1988

అన్నకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను మల్సూర్‌కు రాసిన ఉత్తరం అంతకు ముందే పోయింది. అన్నీ రాశాను. గుంజ, దెబ్బలు, పంచనామా, దామోదరం గడపలో అన్న మాట. సంక్రాంతి దాకా అన్నాను, సంక్రాంతి అయిపోయింది.

కాళ్ళు కడిగే సంగతి చదివి మొదట నవ్వాను. నిజం, ఫ్యాక్టరీలో పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. దామోదరం వంగుతాడు, నా కొడుకు కాళ్ళు పట్టుకుంటాడు! ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

సాయంత్రం నేను కిరాయికున్న ఇంటామె అజీజా బేగంకు చెప్పాను. ఆమె నా లెక్క కన్నీళ్ళు అరువు తెచ్చుకునే మనిషి కాదు. తమలపాకు నములుతూ అంతా విని అన్నది: "నీళ్ళు పొయ్యంగనే ఎవ్వని మురికి పోతది సైదమ్మా, నీ కొడుకు కాళ్ళదా, వాని చేతులదా?"

నా నవ్వు పోయింది. నిజమే కదా అన్నా. ఊరి ముందు కాళ్ళు కడుగుతాడు. ఎంత పెద్ద మనసు, చచ్చినవాని కొడుకును దేవుడని మొక్కిండు అంటారు. పెద్దులు నెత్తురు ఆ చెంబెడు నీళ్ళతో కడుక్కుని సర్పంచ్ అవుతాడు. నేను వాడికి ఏడుపు అడిగితే నువ్వు స్నానం ఏర్పాటు చేశావు.

ఆపు. ఖర్చు ఇంకెవరినన్నా పెట్టుకోమను, లేకుంటే ఆటే ఆపు.

సైదమ్మ


తాళ్ళకుంట,
2 ఫిబ్రవరి 1988

చెల్లెకు,

ఉత్తరం అన్నావు గాని నువ్వు నిప్పు పోస్టు చేశావు.

మల్సూర్ నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆటకు రాలేదు. మూడో రోజు వచ్చాడు, నడుముకు నాయిన గీత కత్తి కట్టుకుని. పిల్లలందరూ చూశారు. నేను హార్మోనియం మూసి వాణ్ణి బయటికి తీసుకుపోయాను. తిడతాననుకున్నాడు. నేను పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడే అన్నాడు, "మామా, గానికి నేను ఇన్ని దినాలు సలాం గొట్టిన. గాడు ఇచ్చిన అంగి తొడుక్కున్న. అమ్మ ఎర్కుండి గూడ ఎట్ల ఊకున్నది?" నేనేం చెప్పాలి సైదమ్మా? "నీ ప్రాణం కాపాడడానికే" అన్నాను. "గప్పుడు సరే, నాకు మీసాలొచ్చినంక?" అన్నాడు. దానికి జవాబు నువ్వే చెప్పాలి. నీ దగ్గర ఉంటే రాయి.

కత్తి తీసుకుని బిక్షమ్మకు ఇచ్చాను. వేషం కట్టినన్ని రోజులు ఎవరి మీదా చెయ్యెత్తనని, నోటితో కూడా తిట్టనని చిరుతల మీద ఒట్టు వేయించాను. వేశాడు. మా ఆటలో ఆ ఒట్టు తప్పినవాణ్ణి మళ్ళీ ఏ గురువూ గుండ్రంలో నిలబెట్టడు. అది వాడికి తెలుసు.

పిల్లవాడికి తెలిసిపోయిందని దామోదరం చెవిన కూడా పడింది. నన్ను పిలిపించుకున్నాడు. "పాత ముచ్చట్లు తవ్వుకుంటే ఎవలికి లాభం పంతులూ? ఊరందరి ముంగట కాళ్ళు గడుగుత. పిలగాడు నాలుగు అక్షింతలు నెత్తిన ఏస్తె అయిపాయె. ఇంకేం గావాలె?" అన్నాడు. పెద్దలు కూడా అదే అంటున్నారు, దేవుని చేతి అక్షింతలు పడితే పగ తీరినట్టే, ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తకూడదని. అజీజా బేగం చెప్పింది నిజమే. అయినా ఆట ఆపలేను. ఆపితే ఈ ఇరవై మంది మళ్ళీ ఆ దుకాణం ముందరే కూర్చుంటారు.

పట్టాభిషేకం పద్నాలుగో తేదీ పగటిపూట, బడి ముందర. వస్తావా?

ఎల్లస్వామి


చౌటుప్పల్,
8 ఫిబ్రవరి 1988

ఎల్లస్వామికి,

రాను. ఆ రోజు డ్యూటీ చేస్తాను.

నేను కొడుకును నీకు అప్పజెప్పితే నువ్వు వాడి చేతులు కట్టావు, నోరు కుట్టావు. దామోదరం నా మనిషిని గుంజకు కట్టాడు, నువ్వు నా కొడుకును ఒట్టుకు కట్టావు. దామోదరమన్నా పగబట్టి చేశాడు. నువ్వు పాట పాడుతూ చేస్తున్నావు. ఇరవై మంది పిల్లలు బాగుపడాలంటే పెద్దులు నెత్తురు ఉచితంగా పోవాల్నా? నీ పిల్లలు, నీ ఆట, నీ కట్టడి. నాకు అన్న లేడనుకుంటాను.

సైదమ్మ


ఆలంపూర్,
20 ఫిబ్రవరి 1988

చెల్లె సైదమ్మకు,

నాకు చెల్లె ఉన్నది కాబట్టి రాస్తున్నాను.

మూడు రోజులు ఆట బాగా నడిచింది. పద్నాలుగున పట్టాభిషేకం. చుట్టుపక్కల ఊర్ల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చారు. మల్సూర్ కిరీటం పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. దామోదరం తెల్లధోతి కట్టుకుని భార్య సావిత్రమ్మతో వచ్చాడు. దారిపొడుగునా అందరికీ దండాలు పెడుతూ వచ్చాడు, ఓట్లు అప్పుడే పెట్టెలో పడ్డట్టు. మోకాళ్ళ మీద కూర్చుని ఇత్తడి పళ్ళెంలో నీ కొడుకు కాళ్ళు కడిగాడు. కొత్త తువాలతో తుడిచాడు. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. జనంలో ఆడవాళ్ళు కొందరు కళ్ళొత్తుకున్నారు. నీ మాటే నిజమైందనుకున్నాను.

అక్షింతల పళ్ళెం మల్సూర్ ముందర పెట్టారు. దామోదరం తల వంచాడు. నేను మంగళహారతి ఎత్తుకున్నాను. అక్షింతలు పడేదాకా ఆ పాట ఆగకూడదు. మామూలుగా ఒక చరణం కూడా పట్టదు.

మల్సూర్ పిడికెడు అక్షింతలు తీసుకున్నాడు. పిడికిలి మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు. దామోదరం తల మీదుగా జనాన్ని చూస్తూ కూర్చున్నాడు.

చరణం అయిపోయింది. మళ్ళీ మొదటికి వచ్చాను. మళ్ళీ అయిపోయింది. చోటే మియా డోలక్ మీద చేతులు నెమ్మది చేసి నా దిక్కు చూశాడు. సావిత్రమ్మ, "ఎయ్యి బిడ్డా, ఎయ్యి" అని బతిమాలింది. దామోదరం వంచిన తల ఎత్తకుండానే, "ఎయ్యరా" అన్నాడు, పళ్ళ సందున. నీ కొడుకు చెయ్యెత్తలేదు, నోరు తెరవలేదు. ఒట్టు తప్పలేదు. నేను వేయించిన ఒట్టులో అక్షింతలు వేయాలని లేదు.

పెద్దలు లేచారు. "పంతులూ, పాట ఆపు" అని కేక వేశారు. ఆపితే అంతటితో ఆట అయిపోయేది, దామోదరం లేచి దండం పెట్టి బయటపడేవాడు. ఆపడం నా చేతిలో ఉన్నది. కోపాన్ని చెప్పులతో పాటు బయట విడిచి రావాలని ప్రతి ఊర్లో ప్రతి పిల్లవాడికి చెప్పినవాణ్ణి. చోటే మియాకు కానియ్యమని తల ఊపాను. పిల్లలు చిరుతలు అందుకున్నారు. దామోదరం పాకిట్లు మోసిన పిల్లలే, వంగిన వాడి చుట్టూ గుండ్రంగా నడిచారు. పాట ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్క పెట్టలేదు. పాడుతున్నంతసేపూ పెద్దులు నా కళ్ళ ముందరే ఉన్నాడు.

అప్పుడు బిక్షమ్మ జనంలోంచి లేచింది. "నా కొడుకు చెట్టు మీంచి పడలే" అన్నది. అరవలేదు, మామూలుగానే అన్నది. కాసేపటికి కల్లు గీసే గౌండ్లోళ్ళ దిక్కు నుంచి ఎవరో, "పడలే" అన్నారు. ఇంకొకరు అన్నారు. ఆ రోజు తల ఊపినవాళ్ళే. దామోదరం తనంత తాను లేచాడు. తడిసిన ధోతి మోకాళ్ళకు అంటుకుని ఉన్నది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయాడు. దారి ఇచ్చారు గాని ఒక్కరూ దండం పెట్టలేదు.

తర్వాత మల్సూర్ పీట దిగి, ఆ అక్షింతలు బిక్షమ్మ నెత్తిన వేశాడు.

దామోదరం మనుషులు వచ్చేలోపల, ఆ సాయంత్రం బస్సుకే నేను, మల్సూర్, బిక్షమ్మ ఊరు విడిచాము. ఇప్పుడు బిక్షమ్మ మా ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైందని పేచీ పెడుతున్నది. మల్సూర్ వచ్చే నెల నాతో ఇంకో ఊరికి వస్తాడు, పిల్లలకు అడుగులు తానే చెప్తానన్నాడు. తాళ్ళకుంట పిల్లలను చోటే మియా చూసుకుంటున్నాడు, షెడ్డులో కాదు, బడి ముందర.

అమ్మకు ఏమన్నా రాయాల్నా అని మల్సూర్‌ను అడిగాను. చిరుతలకు నూనె రాస్తూ, "అమ్మ ఆరేండ్లు ఆగింది గద మామా. ఇంక జర ఆగుమను" అన్నాడు. నాకు మంచిగా అనిపించలేదు గాని, అన్నది అన్నట్టు రాస్తున్నాను.

నీ అన్న,
ఎల్లస్వామి


చౌటుప్పల్,
27 ఫిబ్రవరి 1988

అన్నకు,

అన్న లేడనుకుంటానని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను, ఏమనుకున్నా సరే.

ఉత్తరం అజీజా బేగంకు చదివి వినిపించాను. తమలపాకు నమలడం ఆపి, మళ్ళీ చదువుమన్నది. మళ్ళీ చదివాను. ఇప్పుడు నాకు నోటికి వచ్చింది. ఫ్యాక్టరీలో మూతలు తిప్పుతూ లోపల చెప్పుకుంటాను, వంగాడు, వంగే ఉన్నాడు, పాట అయిపోయింది, మళ్ళీ మొదలైంది. దామోదరం నామినేషన్ వేయలేదని నర్సింగమ్మ చెప్పింది. కడుపు నిండిందా అంటే లేదు. ఒక్క విషయం నువ్వు రాయలేదు. లేచినప్పుడు వాడి ముఖం ఎట్లున్నది? చిన్నబోయిందని రాస్తే సరిపోదు. పెదవులు, కళ్ళు, చెమట, అన్నీ రాయి.

మల్సూర్ అన్న మాట కూడా చదివాను. రెండోసారి అజీజాకు చదివినప్పుడు ఆ వాక్యం మింగేశాను. ఆమెకు తెలుసు.

వాడు నన్ను ఆగమన్నాడు. వాడి పిడికిలి ఎంత గట్టిదో ఇప్పుడు నాకు తెలుసు, అట్లా కావాలని అడిగింది నేనే. వాడు ఎప్పుడు వచ్చినా సరే, వాడి ముందర తల వంచుకుని కూర్చుంటాను. నువ్వు హార్మోనియం ఆపకు.

సైదమ్మ